లినక్స్ యంత్రారంభమున డైరెక్టరీ సేవల వైఫల్యము: ఒక చారిత్రక పరిశీలనము

యూనిక్స్ తొలినాళ్లలో యంత్రమునకు తన వాడుకరులెవరో తెలిసికొనుటకు పరసాహాయ్య మక్కరలేకుండెను. పేర్లు, వాని సంఖ్యలు, గ్రూపులు డిస్కునందలి రెండు చిన్న ఫైళ్లలో నుండుటచేత, డిస్కు అందుబాటులోనికి వచ్చిన క్షణముననే ఆ జ్ఞానము సిద్ధమగుచుండెను. యంత్రములు వందలై, ప్రతిదానియందును అవే పేర్లు దిద్దవలసి వచ్చినప్పుడు ఈ సౌలభ్యమే భారమయ్యెను. దానిని దించుటకై 1980ల నడుమ సన్ మైక్రోసిస్టమ్స్ వారు ‘ఎల్లో పేజెస్’ అను సేవను వెలయించిరి; ఆ పేరు బ్రిటనులో బ్రిటిష్ టెలికామ్ వారి ట్రేడ్‌మార్కు అగుటచే పిదప అది ఎన్ఐఎస్ అని వ్యవహరింపబడెను.

పట్టిక యొక్కచోట చేరుట పాలనకు సుఖమే. కాని దానితోపాటు ఒక పరాధీనతయు యంత్రమున ప్రవేశించెను. ప్రారంభవేళ ఆ సేవ యొక్క వైపీబైండ్ ప్రక్రియ తన సబ్‌నెట్ అంతటికిని కేక వేసి సర్వరును వెదకుకొనెడిది; బదులు రాకున్న నిరీక్షణమే శరణ్యము.

మిషిగన్ విశ్వవిద్యాలయమున టిమ్ హౌస్ ప్రభృతుల కృషివలన రూపొంది, 1993లో తొలి ప్రమాణపత్రముగ వెలువడి, 1997లో మూడవ సంచికకు చేరిన ఎల్‌డాప్ అను డైరెక్టరీ ప్రోటోకాల్, క్రమముగా ఎన్ఐఎస్ స్థానము నాక్రమించెను. 1998లో ల్యూక్ హోవర్డ్ రచించిన ఆర్‌ఎఫ్‌సీ 2307, ఎన్ఐఎస్ సమాచారమును ఎల్‌డాప్‌లో నిలుపు విధమును నిరూపించెను. పేరును మొదట ఫైళ్లలో వెదకవలెనా, నెట్‌వర్కులో వెదకవలెనా యని నిర్ణయించు ఎన్‌ఎస్‌స్విచ్ పట్టిక సోలారిస్‌లో వలెనే లినక్స్‌లోను నెలకొనెను.

అసలు చిక్కు 2000 తరువాతి దశాబ్దమున బయటపడెను. పరికరములకు యాజమాన్యము నొసగు యూడెవ్, నెట్‌వర్కు కార్డు మేల్కొనక పూర్వమే, తన నియమములలోని గ్రూపు పేర్లను విచారించెడిది. ఎన్‌ఎస్‌ఎస్-ఎల్‌డాప్ అను లైబ్రరీ సర్వరు దొరకక 4, 8, 16 సెకన్లని నిరీక్షణమును ఇబ్బడించుచు 64 వరకు పెంచుకొనిపోవగా, యంత్రము స్తంభించినట్లే కనబడెడిది. ఫైళ్లను ముందుంచితిమి గదా యని పాలకులు ఆశ్చర్యపడిరి. అయితే ఫైళ్లలో లేని పేరు తప్పక నెట్‌వర్కునకు పోవును. ఒక వాడుకరి ఏయే గ్రూపులలో నున్నాడను ప్రశ్న సాధారణముగ సమస్త మూలములను అడిగియే తీరును, ఆ వాడుకరి రూట్ అయినను సరియే. ఫైలులో ఒక గ్రూపు పేరు లోపించుటయే యంత్రమంతటిని ఆపగలిగెను. అనుసంధాన విధానమును ‘సాఫ్ట్’ గా మార్చుట, వ్యవస్థ వాడుకరుల విషయమున ఎల్‌డాప్ నడుగవలదని నిర్దేశించుట అప్పటి చికిత్సలు.

తరువాతివారు మూలమునే దిద్దబూనిరి. ఎన్‌ఎస్‌ఎల్‌సీడీ ఎల్‌డాప్ సర్వరుతోడి సంభాషణమును ప్రత్యేక సేవకు అప్పగించెను. 2009లో వెలువడిన ఎస్‌ఎస్‌ఎస్‌డీ, సర్వరు లేని వేళను సైతము పూర్వము తెలిసిన పేర్లను తన నిల్వనుండి చెప్పనేర్చెను. యంత్రారంభమును నడుపుటకు 2010లో పుట్టిన సిస్టమ్‌డీ, నెట్‌వర్కు నిర్వాహకము మొదలగుట వేరు, నెట్‌వర్కు వాస్తవముగా అందుట వేరు అను భేదమును నెట్‌వర్క్ టార్గెట్, నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ అను రెండింటితో స్పష్టపరచెను. అయినను 2017 నాటి దాని 235వ సంచికలో, లాగిన్లను నిర్వహించు లాగిన్‌డీకి భద్రతకై నెట్‌వర్కును నిషేధింపగా, ఆ ప్రక్రియలోనుండియే సర్వరును ప్రశ్నించు ఎన్ఐఎస్ వాడుకరుల లాగిన్లు చిరకాలము నిలిచిపోయెను.

కావున నేడు ఈ దోషమును శోధించువాడు సర్వరును నిందింపక మునుపు, ఏ ప్రక్రియ, ఏ పేరును, ఏ క్షణమున అడిగెనో లాగ్‌లో చూడవలెను. స్పానింగ్ ట్రీ నడుపు స్విచ్ పోర్టు 30 సెకన్లు మూగవోవచ్చును. తప్పిన గడియారము సర్టిఫికెట్టును చెల్లనిదిగ చూపవచ్చును. ఇవి సరియై, లాగిన్ తరువాత పేర్లను విచారించు గెటెంట్ ఆదేశము చక్కగా బదులిచ్చుచున్నచో, లోపము ప్రారంభక్రమమునందే యున్నదని గ్రహింపవలెను.

ఈ చరిత్ర బోధించునది ఒక్కటే: మనుష్యుల పేర్లు నెట్‌వర్కున నుండవచ్చును గాని, యంత్రము లేచి నిలుచుటకు వలయు రూట్, సేవావాడుకరులు, పరికరముల గ్రూపులు దాని డిస్కుననే యుండవలెను. ఈ విభజనమును పాటించినచోట సర్వరు పడిపోయినను యంత్రము లేచును. పాలకునకు దానిని బాగుచేయు అవకాశము మిగులును.