విమాన చోదకుల వైద్య పరీక్ష

విమాన చోదకుల వైద్య పరీక్ష అనగా విమానం నడిపే లైసెన్సు కోరేవారికి, లైసెన్సు ఉన్నవారికి నిర్ణీత కాలవ్యవధులలో జరిపే శారీరక, మానసిక ఆరోగ్య పరీక్ష. ఇందులో అర్హులైనవారికి వైద్య ధ్రువపత్రం ఇస్తారు. లైసెన్సు ఉన్నప్పటికీ, ఈ ధ్రువపత్రం గడువు తీరితే విమానం నడపరాదు.

నేపథ్యం

1944లో షికాగోలో కుదిరిన ఒప్పందం ద్వారా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) ఏర్పడింది. ఆ ఒప్పందపు 1వ అనుబంధంలో వైద్య ప్రమాణాలు పొందుపరచబడ్డాయి. సభ్యదేశాలు వీటిని అనుసరించి తమ నియమాలను రూపొందించుకుంటాయి.

తరగతులు

* 1వ తరగతి: వాణిజ్య, ఎయిర్‌లైన్ పైలట్లకు. సాధారణంగా 12 నెలలు చెల్లుతుంది. 60 ఏళ్ళు దాటి వాణిజ్య రవాణాలో పనిచేసేవారికి 6 నెలలే.
* 2వ తరగతి: ప్రైవేటు పైలట్లకు.
* 3వ తరగతి: ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు.

పరీక్షించే అంశాలు

దృష్టి: 1వ తరగతికి ఒక్కొక్క కంటికి 6/9, రెండు కళ్ళకూ కలిపి 6/6 చూపు ఉండాలి. కళ్ళద్దాలు ఉన్నవారు పైలట్లు కాలేరన్నది అపోహ. అద్దాలతో ఈ ప్రమాణాన్ని అందుకున్నా చాలు.

వర్ణదృష్టి: విమానం ఎడమ రెక్క చివర ఎర్రదీపం, కుడి రెక్క చివర పచ్చదీపం ఉంటాయి. చీకటిలో ఎదుటి విమానం ఎటు పోతున్నదో వీటిని బట్టే తెలుస్తుంది. కనుక వర్ణాంధత్వాన్ని సాధారణంగా ఇషిహారా పటాలతో పరీక్షిస్తారు.

వినికిడి: 1వ తరగతిలో 500, 1000, 2000 హెర్ట్జ్ వద్ద 35 డెసిబెల్స్‌కు, 3000 హెర్ట్జ్ వద్ద 50 డెసిబెల్స్‌కు మించి లోపం ఉండరాదు.

గుండె: 1వ తరగతిలో తొలి పరీక్షలో ఇ.సి.జి. తీస్తారు. 30-50 ఏళ్ళ మధ్య కనీసం రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటా తీయాలి.

భారతదేశంలో

దేశంలో ఈ వ్యవస్థను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డి.జి.సి.ఎ.) నిర్వహిస్తుంది. అభ్యర్థి ముందుగా గుర్తింపు పొందిన వైద్యుని వద్ద 2వ తరగతి పరీక్ష చేయించుకోవాలి. తొలి 1వ తరగతి పరీక్షను చాలాకాలం వాయుసేన కేంద్రాలలోనే జరిపేవారు. 1957లో స్థాపితమైన బెంగళూరులోని వైమానిక వైద్య సంస్థ వాటిలో ఒకటి. తరువాత ఆమోదం పొందిన పౌర కేంద్రాలకూ అనుమతి లభించింది. ఫలితం అర్హుడు, తాత్కాలిక అనర్హుడు, శాశ్వత అనర్హుడు అని ఉంటుంది. అనర్హతపై అప్పీలు చేసుకోవచ్చు. శిక్షణకు లక్షల రూపాయలు ఖర్చవుతాయి కనుక, రుసుము కట్టకముందే 1వ తరగతి అర్హతను తేల్చుకోవడం మేలు.

పరీక్షల నడుమ బాధ్యత

పరీక్ష ఆనాటి ఆరోగ్యాన్ని మాత్రమే చూపగలదు. అందుచేత, ఆరోగ్యం తగ్గినట్లు తెలిస్తే ధ్రువపత్రానికి గడువున్నా విమానం నడపరాదని ఐకావో నియమం. ఈ నియమం ప్రధానంగా చోదకుని నిజాయితీపై ఆధారపడి ఉంది. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ 9525 విమానాన్ని సహచోదకుడు ఉద్దేశపూర్వకంగా ఆల్ప్స్ పర్వతాలలో కూల్చివేయగా 150 మంది మరణించారు. అతని ధ్రువపత్రం అప్పటికి చెల్లుబాటులోనే ఉంది. 2014 డిసెంబరు నుండి మానసిక వ్యాధి లక్షణాలతో చికిత్స పొందుతున్నా, అతడు ఆ సంగతి సంస్థకు తెలుపలేదు. లైసెన్సు పోతుందనే భయం వ్యాధిని దాచేలా చేస్తుందని దర్యాప్తు నివేదిక గుర్తించింది. దీని తరువాత ఐరోపాలో, విధులలో చేరేముందు మానసిక మూల్యాంకనాన్నీ, చోదకులు తమ ఇబ్బందులను చెప్పుకొనేందుకు తోటివారి సహాయ వ్యవస్థలనూ తప్పనిసరి చేస్తూ 2018లో నియమాలు వెలువడ్డాయి.