తెలుగు పాపులర్ నవల – స్త్రీ చైతన్యం : ఒక పరిశీలన

తెలుగు నవలా చరిత్రలో 1960–80 మధ్యకాలాన్ని రచయిత్రుల యుగంగా పేర్కొనడం పరిపాటి. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, ద్వివేదుల విశాలాక్షి, లత తదితరుల సీరియళ్ల కోసం పాఠకులు వారపత్రికలు కొన్న రోజులవి. ఆ రోజుల్లో పురాణం సుబ్రహ్మణ్యశర్మ అంతటి సంపాదకుడు 'ఇల్లాలి ముచ్చట్లు' శీర్షికను 'పురాణం సీత' పేరుతో రాశారు. స్త్రీ గొంతుకు అప్పటికి ఏర్పడిన గిరాకీ అలాంటిది. అయినా విమర్శకులు ఈ నవలల్లో అధికభాగాన్ని కాలక్షేప సాహిత్యమని, వంటింటి సాహిత్యమని పక్కన పెట్టారు. ఆరడుగుల నాయకుడు, కారు, మేడ, చివరికి పెళ్లి అనే మూసలో స్త్రీ స్వేచ్ఛకు చోటెక్కడిదన్నది వారి ప్రశ్న. ప్రశ్న సమంజసమైనదే. అయితే జవాబును చివరి పుటలో మాత్రమే వెదకడం వల్ల ఆ విమర్శ అసంపూర్ణంగా మిగిలిపోయింది.

1964లో 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా మొదలైన 'సెక్రటరీ'నే తీసుకోవచ్చు. కథానాయిక జయంతి జీతం మీద బతకవలసిన మధ్యతరగతి యువతి. పరాయి పురుషులున్న చోట పనిచేయడం, లోకుల మాటలు, యజమాని చూపే ఆదరాన్ని అనుమానించవలసి రావడం వంటి విషయాలు అప్పుడప్పుడే ఉద్యోగాల్లోకి అడుగుపెడుతున్న తరానికి నిత్యానుభవాలు. జయంతిని పాఠకులు గుర్తుపెట్టుకున్నది అందానికి కాదు, అభిమానానికి. ఇంట్లో 'పొగరు' అనిపించుకునే గుణాన్ని నవల 'ఆత్మగౌరవం'గా చూపింది. ఈ మార్పు చిన్నది కాదు. ముగింపులో మాత్రం రాజశేఖరంతో పెళ్లి ఆమె ఆర్థిక సమస్యకు పరిష్కారమైంది. అంతవరకు నవల లేవనెత్తిన ప్రశ్నకు అక్కడ సమాధానం దొరకలేదు, ప్రశ్నే కనుమరుగైంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించగా ఇదే కథ సినిమాగా వచ్చింది.

లోపం ప్రక్రియదా, రచయిత్రుల దృక్పథానిదా అన్నది తేల్చుకోవడానికి రంగనాయకమ్మ రచనలు ఉపకరిస్తాయి. ఆమె కూడా అదే పత్రికల్లో, అదే పాఠకులకు రాశారు. 'బలిపీఠం'లో ఆదర్శ వర్ణాంతర వివాహం పెళ్లితో సుఖాంతం కాలేదు. కులాహంకారం కాపురంలోనే బయటపడింది. 'స్వీట్ హోమ్' మరీ విశేషమైనది. అది హాస్య నవల; విమల, బుచ్చిబాబుల సంసారపు ముచ్చట్లు. మగవాడి ఆధిక్యం, ఇంటిచాకిరీ, దంపతుల సమానత్వం అందులో నవ్వుల మధ్య చర్చకు వస్తాయి. ఉపన్యాసంగా చెబితే చదవని ఇళ్లలోకి కూడా ఆ మాటలు ప్రవేశించాయంటే అందుకు ఆ తేలికదనమే కారణం. కాబట్టి తేలికగా ఉండటమే భావ ప్రసారానికి అడ్డంకి అనే వాదం నిలవదు.

అమెరికాలో రొమాన్సు నవలల పాఠకురాళ్లను పరిశీలించిన జానిస్ రాడ్వే 1984లో వెలువరించిన గ్రంథంలో వస్తువును, పఠన క్రియను వేరుచేసి చూశారు. కథ పితృస్వామ్యాన్ని సమర్థించినా, ఇంటిపని నుంచి తనకోసం కొంత సమయాన్ని మిగుల్చుకునే చదువు ఒక చిన్న నిరాకరణ అని ఆమె గ్రహించారు. అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చిన నవలను పొయ్యి పక్కన పెట్టుకుని చదివిన తెలుగు గృహిణికి కూడా ఈ మాట వర్తిస్తుంది. వోల్గా 'స్వేచ్ఛ' (1987) వెలువడే నాటికి నవల చదివే స్త్రీల సమూహం ఒకటి సిద్ధంగా ఉంది. ప్రేమించి పెళ్లి చేసుకున్న అరుణకు ఆ పెళ్లిలోనే స్వేచ్ఛ కరువవుతుంది. పాపులర్ నవల ముగిసిన చోట 'స్వేచ్ఛ' మొదలైందనడం అతిశయోక్తి కాదు.

అయితే ఆ సమూహం ఎవరిది? 1971 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులైన స్త్రీలు దాదాపు 16 శాతమే. తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలోని జూలూరుపాడు వంటి అడవి అంచు ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుంటే ఈ అంకె తీవ్రత అర్థమవుతుంది. అక్కడి కోయ, లంబాడా స్త్రీలలో ఎందరికో తెలుగు ఇంటిభాష కూడా కాదు. ఆఫీసు ఉద్యోగం, మేడ, కారు వారి కలల్లోకైనా రాగల వస్తువులు కావు. పోడులో, కూలిలో వారు ఎప్పుడూ ఇంటి బయట పనిచేస్తూనే ఉన్నారు. 'స్త్రీ గడప దాటడం' అనే ఈ నవలల ప్రధాన ఘట్టానికి వారి జీవితంలో అర్థమే లేదు. నవలా చరిత్రకారులు 'తెలుగు పాఠకురాలు' అని రాసినప్పుడు ఆ మాటలో జూలూరుపాడు లేదు. ఈ పరిమితి రచయిత్రుల ప్రతిభకు సంబంధించినది కాదు, కులవర్గాలకు సంబంధించినది.

చదువు లేని స్త్రీలకు కథ చేరినప్పుడు ఏమి జరిగిందో నెల్లూరు జిల్లా చూపింది. 1990ల తొలినాళ్ల అక్షరాస్యతా ఉద్యమంలో వయోజన వాచకంలోని 'సీతమ్మ కథ' తాగుబోతు భర్త వల్ల కూలిన కాపురాన్ని గురించినది. వాక్యాలు చిన్నవి, శిల్పం ఏమీ లేదు. దానిని చదివి చర్చించుకున్న దూబగుంట స్త్రీలు ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. వారి విజయమే 'ఆడవాళ్లు ఏకమైతే' పేరుతో మరో పాఠమైంది. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది.