న్యూటన్–రాఫ్సన్ పద్ధతి: పేరు వెనుక చరిత్ర

ఉపోద్ఘాతం

అరేఖీయ సమీకరణాల మూలాలను సంఖ్యాత్మకంగా కనుగొనే పద్ధతులలో న్యూటన్–రాఫ్సన్ పద్ధతికి ఉన్న ప్రాచుర్యం మరొక దానికి లేదు. గణితశాస్త్ర విద్యార్థులు, ఇంజనీరింగ్ విద్యార్థులు దీనిని ఒకే ఒక సూత్రంగా నేర్చుకుంటారు. ఒక ఉజ్జాయింపు విలువను తీసుకొని, ఆ విలువ వద్ద ప్రమేయాన్ని దాని అవకలజంతో భాగించి, వచ్చిన లబ్ధాన్ని ఆ ఉజ్జాయింపు నుండి తీసివేస్తే మరింత మెరుగైన ఉజ్జాయింపు లభిస్తుంది. వక్రరేఖకు స్పర్శరేఖను గీచి, అది అక్షాన్ని ఖండించే బిందువును చూపడం ఈ పాఠంలో పరిపాటి. అయితే ఈ సూత్రం గానీ ఈ స్పర్శరేఖ గానీ న్యూటన్ వివరణలోనూ రాఫ్సన్ వివరణలోనూ కనిపించవు. ఆ ఇద్దరూ నిజంగా చేసినదేమిటి, నేటి రూపం ఎవరి చేతుల మీదుగా ఏర్పడింది, పేరు ఎలా స్థిరపడింది అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

న్యూటన్ గణన

న్యూటన్ 1669లో లాటిన్ భాషలో రచించిన 'డి అనలిసి' అనే గ్రంథంలో ఈ పద్ధతి కనిపిస్తుంది. ఆ గ్రంథం 1711 వరకు అచ్చు కాలేదు. కాని అందులోని పద్ధతిని జాన్ వాలిస్ 1685లో తన బీజగణిత గ్రంథంలో ప్రకటించాడు. న్యూటన్ తీసుకున్న ఉదాహరణ ఒక ఘన సమీకరణం: య³ − 2య − 5 = 0. దీని మూలం 2కు సమీపంలో ఉంటుంది. అందువల్ల య = 2 + ప అని ప్రతిక్షేపించి, ప³ + 6ప² + 10ప − 1 = 0 అనే కొత్త సమీకరణాన్ని న్యూటన్ సాధించాడు. 'ప' చాలా చిన్న సంఖ్య కనుక ఘన, వర్గ పదాలను విడిచిపెడితే ప విలువ సుమారు 0.1 అవుతుంది. ఆ తరువాత ప = 0.1 + క అని ప్రతిక్షేపిస్తే క³ + 6.3క² + 11.23క + 0.061 = 0 అనే మరొక సమీకరణం వస్తుంది. దీని నుండి క విలువను −0.0054గా గ్రహించి, ఇంకొకసారి అదే క్రమాన్ని అనుసరించి, మూలాన్ని 2.09455147గా నిర్ణయించాడు.

ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, ప్రతి దశలోనూ ఒక కొత్త బహుపది ఏర్పడుతుంది. దిద్దుబాట్లన్నీ చివరికి కూడబడతాయి. ఒకే సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ ప్రయోగించడమన్నది ఇందులో లేదు. రెండవది, కలనగణిత స్థాపకులలో ఒకడైన న్యూటన్ ఈ గణనలో కలనగణితాన్ని వాడలేదు. ఇది కేవలం బీజగణిత విస్తరణ, చిన్న పదాల పరిత్యాగం. ఫ్రెంచి గణితజ్ఞుడు వియట్ 1600లో ప్రకటించిన అంకె వెంట అంకెగా మూలాన్ని రాబట్టే విధానమే దీనికి నేపథ్యం.

దీనికి భిన్నమైన సాక్ష్యం కూడా ఒకటి ఉంది. 1687 నాటి 'ప్రిన్సిపియా'లో గ్రహస్థానాన్ని నిర్ణయించే కెప్లర్ సమీకరణానికి న్యూటన్ ఒక వరుస సవరణల విధానాన్ని సూచించాడు. అది బహుపది సమీకరణం కాదు. ఆ సవరణలు నేటి సూత్రానికి సమానమైన ఫలితాన్నే ఇస్తాయి. అయినా న్యూటన్ దానిని జ్యామితీయంగా వివరించాడే తప్ప, ఏ సమీకరణానికైనా వర్తించే సార్వత్రిక నియమంగా చెప్పలేదు.

రాఫ్సన్, సింప్సన్

జోసెఫ్ రాఫ్సన్ 1690లో ప్రకటించిన గ్రంథం వేరొక మార్గాన్ని చూపింది. కొత్త బహుపదులను నిర్మించే శ్రమను తొలగించి, ప్రతి ఉజ్జాయింపునూ మూల సమీకరణంలోనే మళ్ళీ ప్రతిక్షేపించే పద్ధతిని రాఫ్సన్ అనుసరించాడు. పై ఉదాహరణలో 2 నుండి ఆరంభిస్తే సవరణ 0.1, 2.1 వద్ద సమీకరణం విలువ 0.061, భాజకం 11.23. న్యూటన్ రెండవ సమీకరణంలోని చివరి రెండు గుణకాలు ఇవే. అంకెలు ఒకటే అయినా క్రమం వేరు. నేడు పునరుక్త గణన అని పిలిచే లక్షణం స్పష్టంగా కనిపించేది రాఫ్సన్ వద్దనే. అయితే ఆ భాజకాన్ని రాఫ్సన్ కూడా అవకలజంగా గుర్తించలేదు. ఆ విధానం బహుపదులకే పరిమితమైంది.

ఈ పరిమితిని దాటినవాడు థామస్ సింప్సన్. 1740లో వెలువడిన వ్యాస సంపుటిలో, ఇచ్చిన సమీకరణానికి ఫ్లక్షన్‌ను కనుగొని దానితో భాగించమని సింప్సన్ సూచించాడు. ఫ్లక్షన్ అంటే న్యూటన్ పరిభాషలో అవకలజమే. దీనితో ఈ పద్ధతి బహుపదుల చెర నుండి విడివడి ఇతర అరేఖీయ సమీకరణాలకు వర్తించింది. రెండు అవ్యక్తరాశులు గల రెండు సమీకరణాలకు సైతం సింప్సన్ దీనిని విస్తరింపజేశాడు. నేటి పాఠ్యగ్రంథాలలోని సూత్రానికి అత్యంత సన్నిహితుడు సింప్సనే. అయినా పద్ధతి పేరులో ఆయనకు చోటు దక్కలేదు.

పేరు స్థిరపడిన తీరు

సంఖ్యాత్మక సమీకరణాలపై 1798లో వెలువరించిన గ్రంథంలో లగ్రాంజ్ న్యూటన్, రాఫ్సన్ పద్ధతులు సారంలో ఒకటేనని, ప్రతిపాదించిన తీరులో మాత్రమే భేదమున్నదని అభిప్రాయపడ్డాడు. ఆయన ప్రవేశపెట్టిన అవకలజ సంకేతమే ఈ సూత్రానికి నేటి రూపాన్నిచ్చింది. మరణానంతరం 1831లో అచ్చయిన ఫోరియర్ గ్రంథం దీనిని న్యూటన్ పద్ధతి అనే వ్యవహరించింది; రాఫ్సన్, సింప్సన్ ప్రస్తావన అందులో లేదు. ఫోరియర్ ప్రామాణ్యం వల్ల ఆ పేరే వ్యాపించింది. ఫ్లోరియన్ కజోరీ 1911లో రాఫ్సన్ పాత్రను గుర్తుచేశాడు. 1992లో నికొలస్ కొలర్‌స్ట్రోమ్, 1995లో యిప్మా మూల గ్రంథాలను పరిశీలించి సింప్సన్ కృషిని వెలుగులోకి తెచ్చారు.

ఒకే సూత్రం, అనేక భావనలు

లగ్రాంజ్ వాక్యంలో గణిత సత్యం ఉంది; చారిత్రక సత్యం మాత్రం పూర్తిగా లేదు. రెండు విధానాలు ఒకే ఫలితాన్ని ఇచ్చినంత మాత్రాన వాటి వెనుక భావన ఒకటి కాదు. నేటి సూత్రాన్ని వర్గమూలానికి అన్వయిస్తే అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ చెప్పిన నియమమే వస్తుంది. అంతమాత్రాన హెరాన్‌కు ఈ పద్ధతి తెలుసునని అనలేము.

భారతీయ గణిత చరిత్రకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. గ్రహగణితంలో అసకృత్కర్మ అనే పేరుతో వరుస సవరణల గణనలు విస్తారంగా ఉన్నాయి. 15వ శతాబ్దపు కేరళ ఖగోళవేత్త పరమేశ్వరుడు 'సిద్ధాంతదీపిక'లో నేటి ఛేదనరేఖా పద్ధతికి సమానమైన గణనను అనుసరించినట్లు కిమ్ ప్లాఫ్కర్ 1996లో నిరూపించారు. ఇది గొప్ప సాధన. అవకలజం అవసరం లేకుండా రెండు ఉజ్జాయింపుల నుండి మూడవదాన్ని రాబట్టడం దీని విశిష్టత. అయితే దీనిని న్యూటన్‌కు పూర్వరూపమని కొనియాడితే న్యూటన్‌కు అవకలజ సూత్రాన్ని అంటగట్టిన పొరపాటే పునరావృతమవుతుంది. పరమేశ్వరుని ఘనతను కొలవడానికి న్యూటన్ కొలబద్ద అక్కరలేదు. ఆ గణన ఏ ఖగోళ అవసరానికి పుట్టిందో, ఏ పరిభాషలో సాగిందో చూడడమే సరైన మార్గం.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలేది ఏమనగా, ఈ పద్ధతి ఒక వ్యక్తి ఆవిష్కరణ కాదు. వియట్ సంప్రదాయం నుండి న్యూటన్ బహుపది విస్తరణను, రాఫ్సన్ పునరుక్తిని, సింప్సన్ అవకలజాన్ని, లగ్రాంజ్ సంకేతాన్ని సమకూర్చారు. స్థిరపడిన పేరును మార్చవలసిన పని లేదు. కాని తరగతి గదిలో ఆ సూత్రంతోపాటు య³ − 2య − 5 = 0 సమీకరణాన్ని న్యూటన్ మార్గంలోనూ రాఫ్సన్ మార్గంలోనూ ఒక్కొక్కసారి సాధింపజేస్తే, సూత్రం సిద్ధరూపంలో పుట్టదని, అనేకుల దిద్దుబాట్లతో రూపొందుతుందని విద్యార్థికి స్వయంగా బోధపడుతుంది.