యు, ఎ: రెండక్షరముల చరిత్ర

వెండితెరపై కథ మొదలగుటకు ముందు క్షణకాలము కనిపించు సర్టిఫికెట్టును శ్రద్ధతో చదువువారు అరుదు. దానిమీది అక్షరము వెనుక పెద్ద చరిత్రయే కలదు.

మన దేశమున చలనచిత్రములను పరీక్షించు పద్ధతి 1918 నాటి చట్టముతో ఆరంభమైనది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూను నగరములలో సెన్సారు సంఘములు వెలసినవి. వానిపై పోలీసు అధికారులదే పెత్తనము. ఆ పాలకులు బాలుర మేలుకంటె తమ రాజ్యభద్రతను గూర్చియే ఎక్కువ చింతించిరని నా తలంపు. వయస్సును బట్టి ప్రేక్షకులను వేరుచేయుట స్వాతంత్ర్యానంతరము 1949లో చట్టసవరణతో వచ్చినది. 'యు' అందరికి, 'ఎ' పెద్దలకు. 1951లో కేంద్ర సెన్సారు బోర్డు, మరుసటి యేట నూతన చట్టము ఏర్పడినవి.

ఈ విభజనవలన కత్తెరకు పని తగ్గవలసినది. కాని ఆ అక్షరమే వివాదమునకు మూలమైన సందర్భ మొకటి కలదు. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 'ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్' అను లఘుచిత్రమును తీసెను. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరముల వైభవమును, అచ్చటి పేదల బ్రతుకును ప్రక్కప్రక్కన చూపిన చిత్రమది. బొంబాయి వేశ్యావాటిక దృశ్యములును అందు గలవు. పరీక్షకులు 'ఎ' యనిరి. అప్పీలు చేయగా, కొన్ని దృశ్యములను తొలగించినచో 'యు' ఇత్తుమని ప్రభుత్వము తెలిపెను. అబ్బాస్ సమ్మతింపక సుప్రీంకోర్టు కెక్కెను. విచారణ సాగుచుండగా ప్రభుత్వము దిగివచ్చి, కోతలు లేకయే 'యు' ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఒక్క అడుగు ఫిల్ము మారకుండగనే, పెద్దలకు మాత్రమే తగిన చిత్రము పసివారికిని తగినదయ్యెను!

అబ్బాస్ అంతటితో ఊరకుండక, ముందస్తు పరీక్షనే ప్రశ్నించెను. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా తీర్పు చెప్పిరి. చలనచిత్రము ఇతర కళలకంటె గాఢముగా మనస్సును కదలించును గనుక పరీక్ష రాజ్యాంగ విరుద్ధము కాదనిరి. అయితే కళావిలువను గుర్తించు నియమములు కావలెననిరి.

1983లో 'సెన్సారు' అను మాట బోర్డు పేరునుండి తొలగినది. 12 ఏండ్ల లోపువారిని తలిదండ్రుల విచక్షణకు విడుచు 'యు/ఎ', వైద్యులవంటి ప్రత్యేక వర్గములకు 'ఎస్' చేరినవి. ఆనాటి నియమముల ప్రకారము కథాచిత్రమును ఒక అధికారి, నలుగురు సలహాసభ్యులు చూతురు. వారిలో ఇద్దరు స్త్రీలుండవలెను. చూచిన పిమ్మట ఎవరి అభిప్రాయమును వారు వ్రాసి యిత్తురు. నిర్మాతకు నచ్చనిచో పునఃపరిశీలక సంఘము మరల చూచును.

2023 నాటి సవరణ 'యు/ఎ'ను 7, 13, 16 ఏండ్లుగా విభజించినది. ఈ అంకెలు తలిదండ్రులకు సూచనలు మాత్రమే. వానిని అమలుపరచు అధికారము ఇతరులకు లేదు. పదేండ్ల కుమారునితో 16 గుర్తుగల చిత్రమునకు వచ్చిన తండ్రిని హాలువారు ఆపజాలరు. 'ఎ' చిత్రమైనచో, తండ్రి వెంటనున్నను ఆ బాలుని వాకిటనే నిలుపవలెను.