ఇనపడతందా అబ్బాయ్? (తాటిపాక నుంచి ఇంటర్నెట్ ఫోను కథ)

2025 మే 5న స్కైప్ మూతపడింది. మా ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం తాటిపాక సెంటర్లోని నెట్ సెంటరు, అక్కడ పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని "ఇనపడతందా అబ్బాయ్?" అని సెంటరంతా వినపడేలా అరిచే మా అమ్మ గుర్తొచ్చింది.

సరే, కథ మొదట్నుంచీ చెప్పుకుందాం. నెట్‌లో మాట్లాడటం స్కైప్ వాళ్ళు కనిపెట్టింది కాదు. 1974లోనే అమెరికాలో ఆర్పానెట్ మీద మాటని ముక్కలు చేసి పంపి చూశారు. 1977లో డానీ కోహెన్ ఆ పద్ధతిని ఆర్ఎఫ్‌సీ 741గా రాసిపెట్టాడు. మామూలు జనం చేతికొచ్చింది 1995లో, వోకల్‌టెక్ కంపెనీ 'ఇంటర్నెట్ ఫోన్'తో. అదే ఏడాది ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది.

లెక్క మీకు తెలిసిందే. ఫోను ఎక్స్ఛేంజిలో గొంతుని సెకనుకి 8000 సార్లు కొలుస్తారు, ఒక్కో కొలతకి 8 బిట్లు, వెరసి 64 కిలోబిట్లు. మన డయలప్ మోడెం ఎంత మొత్తుకున్నా 56 దాటదు. అందుకే జీ.729 లాంటి కోడెక్‌లు వచ్చి గొంతుని 8 కిలోబిట్లకి కుదించాయి. ఆ ముక్కలన్నీ ఒకే వేళకి చేరవు. మా గోదారి రేవులో పంటు కాసేపు ఆగినట్టు, అవతలి ప్రోగ్రాం కాసేపు ఆగి చూస్తుంది. పంటు కదిలాక వచ్చినవాడు రేవులోనే ఉండిపోతాడు! అమ్మ మాటల్లో సగం అలా రేవులో ఉండిపోయినవే.

ఇంతకంటే పెద్ద అడ్డు చట్టం. 1999 టెలికాం విధానం ఇంటర్నెట్ టెలిఫోనీని ప్రస్తుతానికి వద్దంది. 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతించారు గానీ ఒక మెలిక పెట్టారు. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి మాట్లాడొచ్చు, ఇక్కడి కంప్యూటర్ నుంచి విదేశంలో ఫోనుకి మాట్లాడొచ్చు. ఐఎస్‌పీలు నెట్ కాల్‌ని మన దేశంలోని మామూలు ఫోనుకి మాత్రం కలపకూడదు. అమ్మ ఇంట్లో ల్యాండ్‌లైన్ వదిలేసి సెంటరు దాకా నడిచి రావడానికి కారణం ఇదే.

అప్పట్లో ఇదంతా సర్కారు మొండితనం అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, విదేశీ కాల్స్ మీద 2003 నుంచి 'యాక్సెస్ డెఫిసిట్ చార్జి' అని ఒకటి ఉండేదని. పల్లెటూరి ఫోన్ల నష్టం పూడ్చడానికి బీఎస్ఎన్ఎల్‌కి వెళ్ళే డబ్బు అది. బయటి దేశం నుంచి వచ్చే కాల్‌కి నిమిషానికి 4.25 రూపాయలు ఉండేది, 2005 ఫిబ్రవరిలో 3.25కి తగ్గించారు, 2008లో ఎత్తేశారు. అంటే మా ఇంట్లో ల్యాండ్‌లైన్ నిలబడటానికి విదేశాల్లో ఉన్నవాళ్ళు కట్టిన చిల్లర కూడా ఒక కారణమే. ఇక్కడే నాకు సిగ్గనిపిస్తుంది. నేను ఆ చిల్లర కట్టలేదు. అమెరికాలో కూర్చుని యాహూ మెసెంజర్లో, తర్వాత స్కైప్‌లో ఉచితంగా మాట్లాడాను.

కట్టిందెవరంటే, మా వీధి చివరింటి అక్క. దుబాయ్‌లో ఇంటిపనికి వెళ్ళింది, పిల్లలు అమ్మమ్మ దగ్గర. చమురు శుద్ధి చేసే ఓఎన్‌జీసీ రిఫైనరీ మా ఊళ్ళోనే ఉంది, అయినా కూలికి మాత్రం చమురు దేశాలకే పోవాలి! ఆవిడకి కంప్యూటర్ లేదు. శుక్రవారం శుక్రవారం కార్డు కొని చేసేది. "ఫీజు కట్టారా? జొరం తగ్గిందా? అమ్మమ్మకియ్యి, కార్డైపోతంది." అంతే కాల్. ఉన్నవాడికి ఉచితం, లేనివాళ్ళకి నిమిషానికింత.

2015లో వాట్సాప్ కాల్స్, 2016 సెప్టెంబర్లో జియో వచ్చేసరికి ఇక ఆవిడ కష్టం తీరిందనుకున్నాను. మనవైపు తీరింది. అవతలివైపు యూఏఈలో వాట్సాప్ కాల్స్ ఆపేశారు, 2017 చివర్లో స్కైప్ కూడా ఆగిపోయింది. లైసెన్సున్న యాప్‌లు వాడుకోమన్నారు, దానికి మొబైల్ ప్యాకేజీ నెలకి 50 దిర్హాములు. పక్కనున్న సౌదీ 2017 సెప్టెంబర్లోనే చాలా యాప్‌లకి తలుపు తీసింది. అదే కోడెక్, అవే ముక్కలు. సరిహద్దు దాటితే రూలు వేరు.

మనం ఈ చరిత్రని ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ పేర్లతోనే చెప్పుకుంటాం. నా మటుకు నాకు, ఏ ఏడు ఎవరు బిల్లు కట్టారన్నదే అసలు చరిత్ర. మొన్న ఊరెళ్ళినప్పుడు ఆ అక్క తిరిగొచ్చేసి ఉంది. కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం, రోజూ వీడియో కాల్. మాట్లాడుతున్నంతసేపూ గడియారం కేసి చూస్తూనే ఉంది. "ఉచితమే కదక్కా, కంగారేంటి?" అన్నాను.

"ఆయ్, తెలుసు బాబూ. అలవాటు పోతల్లేదు."