తరగతి గదియు తాళపుచెవియు

మధ్యయుగమున ఐరోపా ఖండమందలి గ్రంథాలయములలో పుస్తకములను ఇనుప గొలుసులతో బల్లలకు బంధించి యుంచెడివారు. ఇంగ్లండు దేశమున హియర్‌ఫర్డు పట్టణపు క్రైస్తవాలయమందు అట్టి గ్రంథాలయమొకటి నేటికిని చూడవచ్చును. వ్రాతప్రతి దుర్లభమైన కాలమది. గొలుసు పుస్తకమును దొంగలనుండి కాపాడెను. ముద్రణము వ్యాపించి పుస్తకము సులభమైన పిదప గొలుసు క్రమముగా తొలగెను. ఆచార్య రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రములలో మొదటిదానిని వివరించుచు ఈ గొలుసుల వృత్తాంతమును ప్రస్తావించియున్నారు.

ఇరువదియొకటవ శతాబ్దమున ఆ గొలుసు వేఱొక రూపమున మరల కనబడెను. ఈ పర్యాయము అది పుస్తకమును కాపాడుటకు గాక పాఠకుని కాపాడుటకు వచ్చినది. దానిచే బంధింపబడినది తరగతి గదిలో చూపదగిన వీడియో పాఠము. ఈ చరిత్ర అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిక్కిలి స్పష్టముగా గోచరించును. అది పాఠశాలలకును గ్రంథాలయములకును ఉమ్మడిగా చేసిన శాసనముతో ఆరంభమైనది గనుక గ్రంథాలయాభిమానులు తెలిసికొనదగినది కూడ.

ఆ దేశమున 1996 నాటి సమాచార ప్రసార శాసనము ననుసరించి పాఠశాలలకును గ్రంథాలయములకును ఇంటర్నెట్ మున్నగు సౌకర్యముల వెలలో నూటికి 20 మొదలు 90 వంతుల వఱకు తగ్గింపు లభించెను. దీనికై ఏటేట 225 కోట్ల డాలర్ల పరిమితి ఏర్పఱుపబడెను. బీదపిల్లలు హెచ్చుగా చదువు చోట తగ్గింపు హెచ్చు. ఇంటర్నెట్ బడికి వచ్చినతోడనే తలిదండ్రులకు భయమును వచ్చెను. అది నిష్కారణమైన భయము కాదు. ఒకే ద్వారమున విజ్ఞానమును, బాలలు చూడరాని బీభత్సమును కలసి వచ్చుచుండెను.

అందుచే 2000 డిసెంబరు 21వ తేదీన అధ్యక్షుడు క్లింటన్ బాలల ఇంటర్నెట్ రక్షణ శాసనముపై సంతకము చేసెను. ఇంటర్నెట్ నిమిత్తము ఈ తగ్గింపును పొందు ప్రతి బడియు, ప్రతి గ్రంథాలయమును అశ్లీల చిత్రములను, బాలలకు హానికరములైన చిత్రములను అడ్డగించు జల్లెడవంటి సాధనమును కంప్యూటర్లకు అమర్చవలెనని దాని సారము. అమెరికా గ్రంథాలయ సంఘము దీనిని న్యాయస్థానమున ప్రతిఘటించెను గాని, 2003 జూన్ 23న సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల యాధిక్యముతో శాసనమును నిలిపెను. మువ్వురు భిన్నాభిప్రాయము దెలిపిరి. పెద్దలు కోరినచో గ్రంథాలయాధికారి ఆ అడ్డును తొలగింపగలడు గదా యనునది తీర్పునకు ఒక ముఖ్యాధారము. శాసనమందే యట్టి వీలు కలదు. పరిశోధనకో, మఱియొక ధర్మకార్యమునకో పెద్దలు వాడుకొనునపుడు అధికారము గలవారు జల్లెడను తొలగింపవచ్చును. అనగా శాసనకర్తలు తాళముతోపాటు తాళపుచెవిని కూడ ఇచ్చిరి.

అయితే జల్లెడకు అక్షరజ్ఞానమే గాని అర్థజ్ఞానము లేదు. 1996లోనే ఇంగ్లండు దేశపు స్కన్‌థోర్ప్ పట్టణవాసులు అమెరికా ఆన్‌లైన్ సంస్థలో ఖాతా తెఱువబోగా, ఆ ఊరిపేరులో ఒక బూతుమాట యక్షరములు ఇమిడియున్నవని యంత్రము వారిని త్రోసిపుచ్చెను. తాలును తీయబోయి గింజను పాఱబోయుట ఇట్టిదే.

శాసనము పుట్టిన నాలుగేండ్లకు, 2005 ఏప్రిల్ 23న, యూట్యూబున మొదటి వీడియో చేరెను. మఱుసటి యేడు గూగుల్ సంస్థ దానిని 165 కోట్ల డాలర్లకు కొనెను. రసాయన ప్రయోగములు, గ్రహణములు, అగ్నిపర్వతములు, గణితపాఠములు ఆ భాండాగారమున నిండెను. వెకిలి చేష్టలును నిండెను. లోపలి వీడియోలను ఒక్కొక్కటిగా పరిశీలింపలేక అనేక పాఠశాలలవారు మొత్తము ద్వారమునే మూసిరి. వీడియోలు ప్రవహించినచో బడికంతటికిని గల సన్నని ఇంటర్నెట్ తీగ చాలకపోవునను చింత మఱియొక కారణము. శాసనమున యూట్యూబు పేరు ఎచ్చటను లేదు. మూసినది పాఠశాలల యధికారులే.

పూర్వము ఫిలిము చుట్టనో వీడియో క్యాసెట్టునో ఉపాధ్యాయుడు స్వయముగా చూచి, మంచిదని తోచినచో తరగతికి తెచ్చి ప్రదర్శించెడివాడు. ఇప్పుడు రాత్రి ఇంటివద్ద వెదకి యేర్చుకొన్న పాఠము ఉదయము బడిలో తెఱుచుకొనదు. తాళపుచెవి తరగతి గదిలో గాక దూరమందలి కార్యాలయమున నుండెను. అర్జీకి బదులు వచ్చులోపల ఆ పాఠము గడచిపోవచ్చును. కావున పలువురు ఉపాధ్యాయులు ఇంటివద్దనే వీడియోను దింపుకొని, పెన్‌డ్రైవులో పెట్టి తెచ్చిరి. ఇందును చిక్కు గలదు. 1976 నాటి గ్రంథస్వామ్య శాసనపు 110వ విభాగము లాభాపేక్ష లేని బడిలో, బోధనలో భాగముగా, న్యాయముగా చేసిన ప్రతిని ప్రదర్శించుటకు అనుమతించుచున్నది. యూట్యూబు నిబంధనలో, అనుమతిలేక దింపుకొనుటనే నిషేధించినవి. పిల్లలకు మేలు చేయబోయిన ఉపాధ్యాయుడు దొంగవలె తలవంచుకొనవలసి వచ్చెను.

ఈ చిక్కును తీర్చుటకు యత్నములును జరిగెను. 2007లో ఉపాధ్యాయుల నిమిత్తమే టీచర్‌ట్యూబ్ అను వేఱు స్థలము వెలసెను. 2009లో యూట్యూబే విద్యావిషయములకు ప్రత్యేక విభాగమును తెఱచెను. 2011లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, ఫేస్‌బుక్, మైస్పేస్ వంటివి స్వతస్సిద్ధముగా బాలలకు హానికరములని యెంచరాదని వివరించెను. ఆ డిసెంబరులోనే పాఠశాలలకు ప్రత్యేకమైన యూట్యూబు వచ్చెను. అందు విద్యార్థులకు విద్యావిషయక వీడియోలును, బడివారు చేర్చినవియు మాత్రమే కనబడును; ఉపాధ్యాయులు అన్నిటిని చూడవచ్చును. ఆ యేర్పాటు తరువాత నిలిచిపోయినను దాని భావము నశింపలేదు. నేడు గూగుల్ పాఠశాల ఖాతాలలో, అధికారులు అనుమతించినచో, ఉపాధ్యాయుడే ఒక వీడియోను పిల్లలకు తగినదని ఆమోదింపవచ్చును.

ఈ చరిత్రలో గమనింపదగిన విశేషమొకటి గలదు. ఇంట ఇంటర్నెట్ గల బాలునకు బడిలోని అడ్డు పెద్ద నష్టము కాదు. సాయంకాలము ఇంటికిబోయి చూచుకొనును. ఇంట నది లేని బాలునకు బడియే దిక్కు, గ్రంథాలయమే దిక్కు. ఎక్కువ తగ్గింపును పొందిన బీదబడియే ఆ తగ్గింపును వదలుకొనజాలక శాసనమునకు ఎక్కువగా కట్టువడినది. రక్షణకై వేసిన గొలుసు బరువు, మోయలేనివానిపైననే హెచ్చుగా పడెను.

బాలలకు కాపుదల వలదని చెప్పుట అవివేకము. గ్రంథాలయమునకు తాళము ఉండవలసినదే. కాని పిల్లవాని వయస్సును, నాటి పాఠమును, పాఠమునకు వలసిన దృశ్యమును ఎఱిగినవాడు ఎదుట నిలిచిన ఉపాధ్యాయుడు. ఎన్నడును ఆ పిల్లవాని ముఖము చూడని జల్లెడ కాదు. పల్లె గ్రంథాలయములలో పుస్తకపు బీరువా ప్రక్కన కంప్యూటరును చేరుచున్న ఈ దినములలో, బీరువా తాళపుచెవిని గ్రంథపాలకుని నమ్మి యప్పగించిన పెద్దల బుద్ధి ఆ కంప్యూటరు విషయమునను ఆదర్శము కాదగును.