చెప్పులు కుట్టే ఇళ్లలో దొరికిన చరిత్ర

తెలుగు క్రైస్తవ చరిత్ర మీద డాక్టరేటుకు పూనుకున్న విద్యార్థి ఎటు తిరిగినా 1878 జూలై 3 దగ్గరికి వచ్చి తీరాలి. ఆ రోజు ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. ధాత కరువు అప్పుడప్పుడే వెనకపడుతోంది. ఆ కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని నెలల తరబడి ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. మిషన్ చరిత్రలు ఈ కథను క్లౌ దొర కథగానే చెప్పాయి. కానీ ఆనాడు ఏటిలో దిగి, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ బాప్తిస్మాలిచ్చింది అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. పరిశోధన మొదలవ్వాల్సింది అక్కడ.

వాళ్లు ఎవరు, వాళ్ల మాటను జనం ఎందుకు విన్నారు అన్న ప్రశ్నలకు జవాబు వెతికినవారిలో ముందు చెప్పాల్సిన పేరు ఎమ్మా రాషెన్‌బుష్. అమెరికాలో సామాజిక సువార్తను ప్రబోధించిన వాల్టర్ రాషెన్‌బుష్‌కు ఆమె సోదరి. 1882లో మిషనరీగా తెలుగు దేశానికి వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ఇచ్చింది. సిద్ధాంత గ్రంథం మత చరిత్ర మీద కాదు, స్త్రీల హక్కుల కోసం వాదించిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద. అది 1898లో పుస్తకంగా వచ్చింది. అప్పటికే ఆమె, భార్యను కోల్పోయిన క్లౌను పెళ్లాడి ఒంగోలులో ఉంది.

మరుసటి ఏడే, 1899లో, ఆమె ఇంకో పుస్తకం వెలువడింది: ‘వైల్ సోయింగ్ శాండల్స్’. నా దృష్టిలో తెలుగు క్రైస్తవ చరిత్రకు ఇంతకంటే విలువైన తొలినాటి ఆధారం తక్కువ. ఆమె మాదిగ పెద్దల నోటి వెంట విన్నది రాసుకుంది. మాతంగి కొలుపులు, అరుంధతి కథ, రాజయోగ గురువుల బోధలు, ఆ తర్వాతే యేసు గురించిన మాట. మిషన్ నివేదికల్లో సంఖ్యలుగా మిగిలినవాళ్లు ఇందులో జ్ఞాపకాలూ వాదనలూ ఉన్న మనుషులుగా కనిపిస్తారు. మౌఖిక చరిత్ర ఒక పద్ధతిగా విశ్వవిద్యాలయాల్లో స్థిరపడటానికి చాలా ముందే ఆమె చేసిన పని ఇది. ఆమె మిషనరీయే, ఆ దృష్టి పుస్తకమంతటా ఉంది. అయినా తాను విన్నదాన్ని చిన్నబుచ్చలేదు.

ఎర్రగుంట్ల పేరయ్య సంగతే చూడండి. కనిగిరి ప్రాంతంలోని తాళ్లకొండపాడులో తోళ్ల వ్యాపారి. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. తోళ్ల బేరానికి ఉత్తరాన ఏలూరు దాకా వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది ఆ తర్వాత, అదే ఏడాది సెప్టెంబరులో! మతం పేరయ్య వెంట తోళ్ల వర్తకుల దారుల్లో, బంధుత్వాల వెంట, పాత గురుశిష్య సంబంధాల వెంట పల్లె నుంచి పల్లెకు నడిచింది. అందుకే ఒంగోలు ఉద్యమాన్ని బయటినుంచి వచ్చి పడినదిగా లెక్కగట్టడం నాకు పొరపాటనిపిస్తుంది.

చరిత్రకారులు ఈ వైపు తిరగడానికి చాలాకాలం పట్టింది. 1935లో ఏర్పడిన భారత క్రైస్తవ సంఘ చరిత్రకారుల సంస్థ 1970లలో తన బహుసంపుట చరిత్రకు కొత్త దారి వేసుకుంది. భారతదేశంలో క్రైస్తవం పాశ్చాత్య సంఘ చరిత్రకు అనుబంధం కాదు, ఈ దేశ సామాజిక చరిత్రలో ఒక భాగం అన్నది ఆ దారి. 1980లలో అరవింద్ నిర్మల్ తదితరులు తీసుకొచ్చిన దళిత వేదాంతం ఆ చూపుకు మరింత పదును పెట్టింది. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ప్రచురించిన గ్రంథం మిషన్ పనిలోని తెలుగు స్త్రీల గురించి కులాన్నీ లింగభేదాన్నీ కలిపి చర్చించింది.

ఇప్పటికీ ఒక చిక్కు విడదీయాల్సే ఉంది. క్లౌ 1910లో కన్నుమూశాడు. నాలుగేళ్లకు వచ్చిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ ఆయన ఆత్మకథ. దాన్ని ఆయన కోసం రాసిపెట్టింది ఎమ్మా అని ముఖపత్రమే చెబుతుంది. ‘నేను’ అన్నది భర్త, వాక్యం కట్టింది భార్య. ఆ కథల్లో కొన్ని ఆమెకు ముందే చెప్పినవాళ్లు మాదిగ బోధకులు. 1899 నాటి పుస్తకాన్నీ, 1914 నాటిదాన్నీ, అమెరికాకు పంపిన ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి, పేరయ్య చెప్పింది ఎక్కడ ఆగి దొర మాట ఎక్కడ మొదలైందో పేజీ పేజీగా తేల్చడమే ఒక డాక్టరేటుకు చాలినంత పని.